ధర్మరాజు కుక్కా, మా కారు సీటు బెల్టూ

నలుగురు తమ్ములూ, ద్రౌపదీ దారిలో ఒరిగిపోయినా ధర్మరాజు వెంట చివరిదాకా నడిచింది ఒక కుక్క. ఇంద్రుడు రథం తెచ్చి ఎక్కమన్నాడు. కుక్కను విడిచి నేనెక్కనన్నాడు ధర్మరాజు. ఈ కథ ఏటా తరగతిలో చెబుతూనే వుంటాను. ఒక ఏడు వెనకబల్ల మీది కుర్రాడొకడు లేచి, "ఇంద్రుడు సరేనని వుంటే ఆ కుక్కను రథంలో ఎక్కడ కూర్చోబెట్టేవారండీ?" అని అడిగాడు. తరగతి అంతా గొల్లుమన్నది. నేనూ నవ్వేసి, "అది ధర్మదేవత గనుక ఆ చిక్కు రాలేదు నాయనా!" అని తప్పించుకున్నాను.

ఆ ప్రశ్న ఎంత గట్టిదో నాకు 2023 సంక్రాంతికి గాని తెలిసిరాలేదు. మా యింటి కుక్క ధర్మదేవత కాదు మరి. ఎక్కడ కూర్చోబెట్టాలో ఆలోచించవలసిన వాణ్ణి నేనే. ఆలోచించలేదు.

మా భైరవుడు గొప్ప వంశంలో పుట్టినవాడేమీ కాదు. వర్షాకాలంలో ఒక రాత్రి మా అమ్మాయి కాలవగట్టు మీదనుంచి చున్నీలో చుట్టి తెచ్చిన నాటు కుక్కపిల్ల. పేరు పెట్టింది నేను. తెలుగు మాస్టరి యింటి కుక్కకు టామీ అని పేరేమిటని నా బాధ. ఏడాది తిరిగేసరికి పధ్నాలుగు కిలోల బరువు తూగాడు. మా ఆవిడ మొదట్లో, "ఏమండీ, అది గడప దాటి లోపలికి వస్తే నేను పుట్టింటికి పోతాను" అన్నది. మూడో నెలకు వాడు ఆవిడ మంచం కింద పడుకుంటున్నాడు. కుక్క వున్న కుటుంబాలన్నిటిలోనూ జరిగే కథే ఇది.

ఆ సంక్రాంతికి విజయవాడ నుంచి కాకినాడ, మా అమ్మ దగ్గరికి, కారులో బయలుదేరాము. భైరవుణ్ణి వదిలి వెళ్ళేందుకు ఎవరూ ఒప్పుకోలేదు. మా అమ్మాయి ఎక్కడో చదివి, ఛాతీ చుట్టూ వేసే పట్టెడ ఒకటి కొని తెచ్చింది. హార్నెస్ అంటారు గదా, అది. దానికొక పొట్టి పట్టీ, పట్టీ చివర సీటు బెల్టు తాళంలో దిగే కొక్కెం వున్నాయి. "నాన్నా, దీంతో వీణ్ణి సీటుకు కడదాము" అన్నది. నేను నవ్వాను. "వాడేమన్నా దొంగా తల్లీ, సంకెళ్ళు వేయటానికి? పండక్కి వెళుతున్నాము, జైలుకు కాదు. పాపం, ఒళ్ళో కూర్చోబెట్టుకో" అన్నాను. ఆ మాట నేనే అన్నాను. నేను అనుకున్నది దయ.

సిద్ధాంతం వంతెన దాటాక

ఏలూరు దాటాము. తణుకు దాటాము. భైరవుడు మా అమ్మాయి ఒళ్ళో నిలబడి, కిటికీలోంచి తల బయటికి పెట్టి, చెవులు గాలికి ఎగరేస్తూ రాజులాగా వున్నాడు. సిద్ధాంతం దగ్గర వసిష్ఠ గోదావరి వంతెన దాటి, ఈతకోట వైపు వస్తున్నాము. గంటకు డెబ్బయి కిలోమీటర్లకు మించి వేగం లేదు. రోడ్డు మధ్య చెట్ల మాటునుంచి ఒక గేదె దిగింది. బ్రేకు తొక్కాను.

గేదె తప్పింది. గండం మాత్రం తప్పలేదు. వెనక సీట్లో మా అమ్మాయి ఒళ్ళోంచి భైరవుడు రెండు ముందు సీట్ల మధ్యగా విసిరినట్టు వచ్చి గేరు కర్రకు కొట్టుకున్నాడు. అక్కణ్ణుంచి బెదిరి నా కాళ్ళ దగ్గరికి దూరాడు. కారు ఇంకా కదులుతూనే వుంది. మళ్ళీ బ్రేకు కోసం కాలు వేస్తే నా పాదం కింద తగిలింది బ్రేకు కాదు, భైరవుడి వీపు. ఆ క్షణం నాకు ఇప్పటికీ కలలో వస్తుంది. కాలికింద మెత్తగా, వెచ్చగా, వణుకుతూ ఒక ప్రాణి, ఎదర మలుపు, కారులో నా భార్య, నా బిడ్డ. స్టీరింగు ఎడమకు తిప్పాను. అంచున వదులు మట్టిలో చక్రాలు దిగబడి కారు ఆగింది. మా ఆవిడ నుదురు కిటికీ చట్రానికి కొట్టుకొని బొప్పి కట్టింది. అంతటితో పోయిందనుకున్నాము.

కంగారులో తలుపు తెరిచాను. అది రెండో తప్పు. సందు దొరికిన భైరవుడు మూడు కాళ్ళమీద దూకి రోడ్డు దాటి పరుగెత్తాడు. ఒక లారీ హారన్ మోగిస్తూ వాణ్ణి తప్పించుకొని పోయింది. వాడు ఆవలి అరటితోటల్లో మాయమయ్యాడు.

రెండు గంటలు వెతికాము. మా అమ్మాయి "భైరవా, భైరవా" అని పిలుస్తూ తోటల గట్ల వెంట తిరుగుతుంటే, ఆ పిల్ల గొంతు బొంగురుపోయింది. నావైపు ఒక్కసారి కూడా చూడలేదు. చూసి తిట్టినా బాగుండేది.

చివరికి ఒక రైతు తాటాకుల పాక పక్కనుంచి వచ్చి, "కుక్క మీదేనాండి? గెల కింద నక్కి మూలుగుతోందండి. దగ్గరికెళితే కరవబోయిందండి" అన్నాడు. వెళ్ళి చూస్తే ముంగాలు వేలాడుతోంది. మా అమ్మాయిని కూడా మొదట గుర్తుపట్టక పళ్ళు చూపించాడు. ఆ రైతే గోనెపట్టా మీద వాణ్ణి మెల్లగా ఎత్తి కారుదాకా మోసుకు వచ్చాడు. వెనక సీటు వంక ఒకసారి చూసి, ఏ దెప్పిపొడుపూ లేకుండా అడిగాడు: "కట్టుకోలేదాండి? మేం మేకని బండెక్కించినా కాస్త తాడేస్తామండి. కింద పడిపోద్దని గదండి, ఆయ్."

ఎం.ఏ. చదివిన వాడికి తెలియనిది మేకల బండి తోలిన వాడికి తెలుసు. కట్టటమనేది శిక్ష కాదు, పట్టుకోవటం. చేతులతో పట్టుకోలేని చోట తాడుతో పట్టుకోవటం, అంతే.

ఒళ్ళో పట్టుకుంటే చాలదా?

రావులపాలెంలో పశువైద్యుడు ప్రథమ చికిత్స చేశాడు. కాకినాడలో ఎక్స్‌రే తీసి, ముంగాలి ఎముక విరిగిందని కట్టు కట్టారు. సంక్రాంతి ముగ్గులన్నీ ఆ ఏడు మా కళ్ళకు ఆనలేదు. వాడు ఆరు వారాలు కట్టుతో వున్నాడు. ఆ ఆరు వారాలు నేను పుస్తకాలు ముందేసుకొని కూర్చున్నాను. తప్పు చేసిన మాస్టరికి అంతకన్నా తెలిసిన ప్రాయశ్చిత్తం లేదు.

మనం పొరపడే చోటు ఒకటున్నది. కారులో కూర్చున్న మనకు, మనం కదలకుండా వున్నట్టు తోస్తుంది. నిజానికి కారు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, అందులో వున్న మనిషీ, కుక్కా, కొబ్బరికాయా అన్నీ 50 కిలోమీటర్ల వేగంతోనే పోతున్నాయి. కారు ఆగితే కారే ఆగుతుంది. కట్టి లేనిది ఆగదు. ఆ వేగంతో పోయి ముందు సీటుకు కొట్టుకోవటమంటే, లెక్క ప్రకారం, ఇంచుమించు పది మీటర్ల ఎత్తునుంచి, అంటే మూడంతస్తుల మేడమీది నుంచి పడటంతో సమానం. 80 కిలోమీటర్ల వేగమైతే ఆ ఎత్తు 25 మీటర్లు.

పోనీ, గట్టిగా పట్టుకుంటామంటారా? 50 కిలోమీటర్ల వేగంతో పోయే కారు దేనికైనా ఢీకొని సెకనులో పదోవంతు కాలంలో ఆగిందనుకోండి. ఆ పదోవంతులో పధ్నాలుగు కిలోల మా భైరవుణ్ణి ఒళ్ళో నిలబెట్టాలంటే, దాదాపు 200 కిలోల బరువును ఆపినంత బలం కావాలి. రెండు బియ్యపు బస్తాలు ఒక్కసారిగా ముందుకు దూకితే ఆపగల చేతులు ఎవరికున్నాయి? మా అమ్మాయి వాణ్ణి వదిలేసిందని ఆ పిల్ల చాలా రోజులు ఏడ్చింది. ఈ లెక్క వేసి చూపించాక గాని ఆ ఏడుపు ఆగలేదు. ఆ పిల్ల వదలలేదు, ఎవరూ పట్టుకోలేరు.

ముందు సీట్లో కూర్చున్నవారి ఒళ్ళో అయితే ఇంకొక ప్రమాదం. ఎయిర్ బ్యాగు కన్ను మూసి తెరిచేలోగా బయటికి ఉబికి వస్తుంది. ఆ తాకిడి బెల్టు పెట్టుకున్న పెద్ద మనిషి కోసం లెక్క కట్టినది. దానికీ మనిషికీ మధ్య కుక్కపిల్ల వుంటే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

చట్టం ఏమంటుంది?

ఇంగ్లండులో వున్న మా చెల్లెలికి ఫోనులో సంగతంతా చెబితే, "అదేమిటన్నయ్యా, ఇక్కడ డ్రైవింగు నేర్చుకునే రోజునే చెబుతారు గదా!" అన్నది. అక్కడి హైవే కోడ్‌లో 57వ నియమం అచ్చంగా ఇందుకే వుంది. డ్రైవరు ధ్యాస మళ్ళించకుండా, కారు ఉన్నట్టుండి ఆగితే మనుషులకూ తమకూ గాయాలు చేసుకోకుండా, కుక్కల్నీ తక్కిన జంతువుల్నీ తగిన విధంగా కట్టివుంచాలని ఆ నియమం. సీటు బెల్టు హార్నెస్సు, బుట్ట, బోను, కమ్మీల అడ్డు, ఈ నాలుగు పద్ధతులూ అందులోనే చెప్పారు. ఆ నియమం తప్పటం దానంతట అదే నేరం కాదు. కాని ప్రమాదం జరిగి వ్యవహారం కోర్టుకెక్కితే, నియమం పాటించలేదన్న సంగతి సాక్ష్యంగా నిలుస్తుంది.

జర్మనీవారి పద్ధతి మరీ తమాషా. అక్కడి రోడ్డు నిబంధనల్లో వాహనంలోని సరుకు జారకుండా, పడకుండా భద్రపరచాలని ఒక నియమం వున్నది. కారులో కుక్కకూ ఆ నియమమే వర్తిస్తుంది. వినటానికి కటువుగా వున్నా, బ్రేకు తొక్కినప్పుడు కుక్కకూ సరుకుకూ భేదం లేదని వాళ్ళు గ్రహించారన్నమాట. ఆస్ట్రేలియాలో న్యూసౌత్‌వేల్సు రాష్ట్రంలో డ్రైవరు ఒళ్ళో మనిషిగాని జంతువుగాని వుండగా బండి నడపటం నేరం. తెరిచివున్న బండి వెనక భాగంలో తీసుకుపోయే కుక్క కింద పడకుండా కట్టివుండాలని అక్కడ మరొక చట్టం చెబుతుంది. మందను తోలే పనిలో వున్న కుక్కకు మాత్రం మినహాయింపు.

మరి మన దేశంలో? సొంత కారులో కుక్కకు బెల్టు కట్టితీరాలని పేరుపెట్టి చెప్పే నిబంధన లేదు. అంతమాత్రాన చట్టం మౌనంగా లేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 125వ సెక్షను చూడండి. వాహనాన్ని అదుపు చేయటానికి డ్రైవరుకు అడ్డుపడే విధంగా ఎవరినీ నిలబడనివ్వరాదు, కూర్చోనివ్వరాదు, ఏదీ పెట్టనివ్వరాదు అన్నది దాని సారాంశం. కుక్క "ఎవరు" కిందికి వస్తుందా, "ఏది" కిందికి వస్తుందా అన్న సందేహం కలగవచ్చు. తెలుగు వ్యాకరణంలో కుక్క అమహద్వాచకం, కాబట్టి "ఏది" అనే నేను చెబుతాను. ఎట్లా చూసినా డ్రైవరు ఒళ్ళో కుక్కను పెట్టుకొని స్టీరింగు తిప్పటం ఆ సెక్షను ఉద్దేశానికి విరుద్ధమే. నిర్లక్ష్యంగా నడిపి ప్రమాదం తెస్తే 184వ సెక్షను ఎలాగూ వున్నది.

ఇక కుక్క పక్షాన వకాల్తా పుచ్చుకున్న చట్టం ఒకటున్నది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం. రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభ సభ్యురాలిగా వుండి పట్టుదలతో పాటుపడిన ఫలితం అది. అందులో 11వ సెక్షను ప్రకారం, వాహనంలోగాని మరే విధంగాగాని, అనవసరమైన నొప్పీ బాధా కలిగే రీతిలో జంతువును తీసుకుపోవటం క్రూరత్వమే. కారు డిక్కీలో కుక్కను వేసి మూత వేసేవారు, ఊపిరాడని పెట్టెలో కుక్కి తీసుకుపోయేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి. ఆ చట్టంలో మొదటి తప్పుకు రాసిన జరిమానా పది నుంచి యాభై రూపాయలు. యాభై రూపాయలు ఎంత చిన్న మొత్తమో నాకు తెలుసు. అరటితోటలో ఆ రెండు గంటలకు నేను చెల్లించిన మొత్తం ఏ చట్టమూ రాయలేదు. 1978 నాటి జంతువుల రవాణా నియమాలు కూడా కుక్కకు ప్రయాణం చేయగల ఆరోగ్యం వున్నదని పశువైద్యుడు పరీక్షించి ధ్రువపత్రం ఇవ్వాలంటాయి. కాబట్టి దూరప్రయాణంలో ఆ పత్రం, రేబీస్ టీకా పుస్తకం బండిలో వుండటం మంచిది.

ఇక్కడ ఒక మాట. వెనక సీట్లో కూర్చున్న మనుషులకు కూడా మన దేశంలో బెల్టు తప్పనిసరి. పెట్టుకోకపోతే 1000 రూపాయల జరిమానా అని 2019 సవరణ చెబుతుంది. ఆ రోజు మా ఆవిడా అమ్మాయీ బెల్టు పెట్టుకున్నారు. ఆ పుణ్యానే ఈ వ్యాసం ఇంత తేలికగా రాయగలుగుతున్నాను.

ఎట్లా కట్టాలి?

మొట్టమొదటి సూత్రం: బెల్టుకు తగిలించవలసింది ఛాతీ పట్టెడను, మెడ పట్టెడను కాదు. మెడ పట్టెడకు కడితే, బ్రేకు పడినప్పుడు బరువంతా మెడమీద పడి ఉరి వేసినట్టవుతుంది. ఛాతీ పట్టెడ వెడల్పుగా, రొమ్ముకు మెత్త వుండి, కుట్లు గట్టిగా వుండాలి. తొడిగాక పట్టీ కింద రెండు వేళ్ళు దూరితే సరిపోయినట్టు. నాలుగు వేళ్ళు దూరితే కుక్క అందులోంచి జారిపోతుంది.

సీటుకు కట్టే పట్టీ పొట్టిగా వుండాలి. కుక్క కూర్చోవటానికీ, పడుకోవటానికీ వీలుండాలి. ముందు సీట్ల మధ్యకు రావటానికి మాత్రం అందకూడదు. చోటు ఎప్పుడూ వెనక సీటే.

అంగట్లో దొరికే ప్రతి పట్టెడా ప్రమాదంలో నిలుస్తుందని నమ్మవద్దు. అమెరికాలో సెంటర్ ఫర్ పెట్ సేఫ్టీ అనే సంస్థ 2013లో కుక్క బొమ్మలకు రకరకాల పట్టెడలు తొడిగి ఢీకొట్టించి చూసింది. చాలావాటిలో బొమ్మ సీటు విడిచి ఎగిరిపోయింది. కాబట్టి రంగూ రిబ్బనూ కాకుండా, ఢీకొట్టించి పరీక్షించినదా కాదా అని అడిగి కొనండి. పరీక్ష కాని పట్టెడ పెద్ద ప్రమాదంలో తెగవచ్చు. అయినా మామూలు బ్రేకుకు కుక్క మన కాళ్ళ కిందికి రాకుండా ఆపుతుంది. మా పాలిట ఆ ఒక్క మేలే చాలునుగదా!

చిన్న కుక్కలకు బుట్ట మేలు. గట్టి బుట్టను ముందు సీటు వెనక, కింద నేలమీద, అటూ ఇటూ కదలకుండా ఇరికించి పెట్టవచ్చు. పెద్ద కుక్కలకు, వెనక తలుపున్న పెద్ద కారయితే, బోను పనికివస్తుంది. బోనులో కుక్క లేచి నిలబడి, చుట్టూ తిరిగి, కాళ్ళు చాపి పడుకోగలగాలి. గాలి నాలుగు వైపులనుంచీ రావాలి. అన్నిటికన్నా ముఖ్యం, బోనునే కారుకు కట్టాలి. కట్టని బోను, కుక్కతో సహా ఎగిరే ఇనప పెట్టె. వెనక సీటుకూ సామాను చోటుకూ మధ్య కమ్మీల అడ్డు బిగించటం ఇంకొక మార్గం. అది మనుషుల్ని కాపాడుతుంది గాని, అటువైపు కుక్క దొర్లకుండా ఆపలేదు.

కిటికీలోంచి తల బయటికి పెట్టనివ్వటం చూడముచ్చటగా వుంటుంది. దుమ్మూ పురుగులూ రాళ్ళూ కళ్ళలో కొట్టుకునేదీ అప్పుడే. కాలు మీట మీద పడి అద్దం పైకి లేచి మెడ నొక్కుకోవచ్చు కూడా. వెనక అద్దాల మీటలకు డ్రైవరు దగ్గర తాళం బొత్తం వుంటుంది. అది నొక్కివుంచండి. స్కూటరు ముందు కాళ్ళ దగ్గర కుక్కను నిలబెట్టి ఊళ్ళో తిరగటం మనకు అలవాటే. అక్కడ పట్టుకునేది ఏమీ లేదు. దానికి నా దగ్గర సలహా లేదు, మానెయ్యమనటం తప్ప.

బయలుదేరటానికి మూడు నాలుగు గంటల ముందు తేలికగా తిండి పెట్టి, నీళ్ళు మాత్రం దారి పొడుగునా ఇస్తుండాలి. రెండు గంటలకొకసారి నీడన ఆపాలి. దిగేటప్పుడు ముందు గొలుసు తగిలించి చేతికి చుట్టుకొని, ఆ తరువాతనే తలుపు తెరవాలి. ఈ వరస తిరగేసినందుకు నేను పడింది చెప్పాను గదా! కుక్కకు కడుపులో తిప్పుతుంటే మనుషుల మాత్రలు వేయక పశువైద్యుణ్ణి అడగాలి.

ఎండలో ఆపిన కారులో కుక్కను వదిలి కాఫీకి వెళ్ళటం ప్రాణాలకే ముప్పు. బయట 32 డిగ్రీలుంటే, పది నిమిషాలలో కారు లోపల 42 దాటుతుంది. అద్దం కాస్త దించినంత మాత్రాన పెద్ద తేడా రాదు. మనకు పట్టినట్టు కుక్కకు ఒళ్ళంతా చెమట పట్టదు. వగర్చటమే దానికి చల్లబడే దారి. మన కోస్తా ఎండల్లో ఆ దారి ఎంతసేపు పనిచేస్తుంది?

మళ్ళీ గోదావరి

కట్టు విప్పాక భైరవుడు కారు చూస్తేనే తోక ముడిచేవాడు. వాణ్ణి మళ్ళీ అలవాటు చేయటానికి నెలలు పట్టింది. మొదటి వారం పట్టెడ తొడిగి యింట్లోనే తిప్పాము. రెండో వారం, కదలని కారులో వెనక సీటుమీద కట్టి, పక్కన కూర్చొని రొట్టెముక్కలు పెట్టాము. తరువాత వీధి చివరిదాకా, ఆ తరువాత బెంజి సర్కిలుదాకా. తొందరపడినవాళ్ళు కుక్కకు పట్టెడంటే పగ నేర్పుతారని పశువైద్యుడు ముందే హెచ్చరించాడు.

2023 దసరాకు మళ్ళీ కాకినాడ బయలుదేరాము. ఈసారి వాణ్ణి కట్టింది నేనే. పట్టెడ తొడిగి, రెండు వేళ్ళు దూర్చి చూసి, కొక్కెం టక్కుమనేదాకా నొక్కాను. వాడు ఒకసారి నా చెయ్యి నాకి, సీటుమీద చుట్టచుట్టుకొని పడుకున్నాడు. ఏలూరుదాకా లేవలేదు. ఒళ్ళో వుండగా దారి పొడుగునా అటూ ఇటూ తూలి, గోళ్ళతో పట్టు వెతుక్కునే కుక్క, పట్టు దొరికాక ఇంత నిమ్మళంగా నిద్రపోతుందని నాకు తెలియదు. సంకెళ్ళన్న నా మాట గుర్తుకు వచ్చింది. మా అమ్మాయి అద్దంలో నావైపు చూసి నవ్వింది గాని, ఏమీ అనలేదు.

కుక్కతోక పట్టుకొని గోదావరి ఈదినట్టు అని మనకొక సామెత. చేతకాని ఆధారాన్ని నమ్ముకున్నవాణ్ణి గురించి అంటారు. వంతెన దాటుతుంటే ఆ సామెత తలుచుకున్నాను. పోయినసారి నేను నమ్ముకున్నది కూడా చేతకాని ఆధారాన్నే, నా బిడ్డ రెండు చేతుల్ని. ఈసారి వసిష్ఠ దాటాము. ఈతకోట దగ్గర కారు ఆపి ఆ రైతు కోసం చూశాను. పాకకు తాళం వేసి వుంది. కాజాల పొట్లం గుమ్మం పైన చూరులో పెట్టి వచ్చాము.

కాకినాడలో కారు తలుపు దగ్గరికి వచ్చిన మా అమ్మ, భైరవుడి ఛాతీకి అడ్డంగా వున్న పట్టెడ చూసి, "ఇదేమిట్రా, కుక్కకు వడుగు చేశావా?" అన్నది. అందరమూ నవ్వాము. గొలుసు తగిలించి, తరువాతనే తలుపు తెరిచాను. వాడు నాలుగు కాళ్ళమీదనే దిగాడు. కాస్త కుంటుతాడు. చలికాలంలో ఎక్కువ.

ఈ ఏడు తరగతిలో ఆ కథ మళ్ళీ వచ్చింది. ఈసారి ఎవరూ అడగకుండానే నేనే చెప్పాను: కుక్కను విడిచి రథం ఎక్కననటం ధర్మంలో సగమే నాయనలారా. ఎక్కించాక అది పడిపోకుండా చూసుకోవటం మిగతా సగం.